మా మేనత్త, వంగుడాట

నాట్యం మీద అంత పుస్తకం రాసిన మా మేనత్తకు నాట్యం రాదు. రాదంటే అంతంతమాత్రం వచ్చునని కాదు, బొత్తిగా రాదు. చప్పట్లు కొట్టమంటే పాట ఒక దారిన, ఆవిడ చేతులు ఇంకో దారిన పోతాయి. చిన్నప్పుడు బడి వార్షికోత్సవానికి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఆడిస్తే ఈవిడ పక్కపిల్ల కాలు తొక్కిందట. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంటే అది వరస చివరిదాకా పాకిందట. మర్నాటి నుంచి టీచరమ్మ అత్తకు తెర లాగే పని అప్పగించింది. తెర పక్కన నేలమీద కూర్చుంటే అందరి కాళ్ళూ ఎంత బాగా కనిపిస్తాయో అప్పుడే తెలిసిందని అత్త అంటుంది.

మా తాతయ్య చెప్పులు, బూట్లు బాగుచేసేవాడు. కింద షాపు, పైన ఇల్లు. షాపంతా తోలు వాసన, జిగురు వాసన. మా నాన్నకు ఆ వాసన పడక వీధిలో బంతి తన్నుకుంటూ తిరిగేవాడు. ఆయన అక్క మాత్రం తాతయ్య పక్కన పీట వేసుకుని అక్కడే చదువుకునేది. బాగుచేయడానికి వచ్చిన జోళ్ళను వెల్లకిలా తిప్పి చూడటం ఆవిడకు సరదా. ఒకరి మడమ బయటివైపు అరుగుతుంది, ఒకరిది లోపలివైపు. పోస్టుమాన్ కుడి బూటు ముందుభాగం ఎప్పుడూ నున్నగా ఉండేది, సైకిలు ఆపడానికి ఆ కాలే నేలకు రాసేవాడు కనక. కొన్నాళ్ళకు మెట్లమీద అడుగుల చప్పుడు విని వచ్చేదెవరో చెప్పేయడం మొదలుపెట్టింది. బీమా ఏజెంటు వస్తున్నాడని అత్త అనగానే తాతయ్య తలుపు గడియ వేసి, మంచం మీద గురక పెట్టేవాడట.

అలాంటి పిల్ల పెద్దయ్యాక మానవశాస్త్రం చదువుతానంది. అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏ జనం ఎలా బతుకుతారో, ఎక్కడినుంచి వచ్చారో, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో వెళ్ళి చూసి రాయడమని అత్త విడమరిచి చెప్పింది. ఊళ్ళోవాళ్ళ సంగతులు నీకెందుకే అని తను ఇన్నాళ్ళూ తిడుతూ వచ్చిన పనికే డిగ్రీ ఇస్తారని అర్థం చేసుకుని తాతయ్య సరేనన్నాడు.

ఆ శాఖ విశ్వవిద్యాలయంలో ఓ పాత భవనం వెనకవైపు ఉండేది. వరండా పొడవునా అద్దాల బీరువాలు, వాటిలో కుండలు, దువ్వెనలు, గాలాలు, ఎవరివో ఏమిటో రాసిన చీటీలు. శాఖకు పెద్ద ఓ ప్రొఫెసరుగారు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది, దాన్ని తెరవగా చూసినవాళ్ళు లేరు. ఆయన జీవితమంతా కుండల మీద ధారపోశాడు. కుండ అంచు చూసి అది చేసినవాళ్ళ ముత్తాతలు ఏ నది ఒడ్డున కాపురమున్నారో చెప్పగలడని పేరు. ఆయన శిష్యుల్లో కొందరు ఇళ్ళ మీద, కొందరు వలల మీద, కొందరు బంధుత్వాల మీద పనిచేసేవారు. ఆటపాటలంటే అందరికీ చిన్నచూపు. ఏ జనం గురించి పుస్తకం రాసినా నాట్యానికి ఆఖరి అధ్యాయంలో ఓ పేజీ విదిల్చేవారు. "వీరు సంతోషం కలిగినప్పుడు గుండ్రంగా నిలబడి ఆడుదురు" అని రాస్తే సరిపోయేది.

ఆ పేజీ మీదే తను పనిచేస్తానని అత్త వెళ్ళి అడిగింది. ప్రొఫెసరుగారు తలెత్తి చూశాడు.

"నీకు డాన్సు వచ్చా?"

"రాదండి."

"మరి ఏం రాస్తావు?"

"వచ్చినవాళ్ళు వాళ్ళ కాళ్ళు వాళ్ళు చూసుకోరండి. నేను చూస్తాను."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క ఏడాది గడువిస్తానని, అప్పటికీ ఏమీ తేలకపోతే నోరుమూసుకుని కుండల దగ్గరికి రావాలని షరతు పెట్టాడు.

అత్త పద్ధతి చూసినవాళ్ళకు ముందు నవ్వొచ్చేది. లారీల మీద కప్పే నల్ల టార్పాలిన్ ఒకటి సంపాదించింది. ఆడేచోట దాన్ని పరిచి, పైన సుద్దపొడి పల్చగా చల్లి, దానిమీద ఆడమనేది. ఆట అయ్యాక అడుగుల గుర్తులు తెల్లటి పొడిలో నల్లగా మిగిలేవి. మడమ ముందు పడిందా, వేళ్ళు ముందు పడ్డాయా, కాలు ఈడ్చారా, ఎత్తి వేశారా, అన్నీ అందులో తెలిసిపోయేవి. స్టూలెక్కి వాటికి ఫొటోలు తీసుకునేది.

పాట రికార్డు చేయడానికి శాఖవాళ్ళు ఓ ముసలి టేపురికార్డరు ఇచ్చారు. అది మూడురోజులు పాడితే వారం మూలిగేది. దాన్ని మోసుకుంటూ అత్త వీధి చివర రేడియో రిపేరు షాపుకి వెళ్ళేది. షాపతను బాగుచేసి ఇచ్చేవాడు. మళ్ళీ పాడయ్యేది. మళ్ళీ వెళ్ళేది. ఎన్నిసార్లు బాగుచేసినా ఏదో ఒక స్క్రూ వదులుగా ఉండిపోతోందేమిటని అత్తకు అనుమానం వచ్చి నిలదీస్తే, అతను తల దించుకుని టీ తాగుతారా అని అడిగాడు. ఆయనే మా మామయ్య. స్క్రూ తను కావాలని వదలలేదని ఇప్పటికీ వాదిస్తాడు. పెళ్ళయ్యాక ఆ టేపురికార్డరు ఒక్కసారి కూడా మొరాయించలేదు, అది వేరే సంగతి. షాపుకి సెలవున్నప్పుడల్లా దాన్ని భుజాన వేసుకుని ఆవిడ వెంట ఊళ్ళు తిరిగేవాడు.

అలా తిరుగుతూ తిరుగుతూ సముద్రం పక్కన ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ ఊరు చేరారు. పని లేని సాయంత్రాలు అక్కడ ఆడామగా కలిసి ఓ ఆట ఆడతారు. దాన్ని వంగుడాట అంటారు. గుండ్రంగా నిలబడి, పక్కవాళ్ళ భుజాల మీద చేతులు వేసుకుని, పక్కకి అడుగులు వేస్తూ తిరుగుతారు. మధ్యలో ఓ మడమ దరువు, ఓ చప్పట్లు. అంతలో ఉన్నట్టుండి అందరూ ఒక్కసారి తలలు దించి, మోకాళ్ళు వంచి, అలా వంగే కొంతదూరం నడిచి మళ్ళీ నిటారుగా లేస్తారు. చూస్తుంటే ఒంట్లో ఏదో జలదరిస్తుందని అత్త చెప్పేది.

ఆ తర్వాత కొండల్లో రాతి క్వారీ కాలనీకి వెళ్ళారు. ఉప్పుమడులకీ దానికీ ఓ పగటి బస్సు ప్రయాణమంత దూరం. మాట తీరు వేరు, కట్టు వేరు, ఒకరి మొహం ఒకరు ఎరగరు. అక్కడా ఓ ఆట ఉంది, దాన్ని తలదాపు అంటారు. అదే గుండ్రం, అదే మడమ దరువు, అవే చప్పట్లు. ఉన్నట్టుండి అందరూ తల దించి వంగి నడిచారు. అత్త చేతిలో సుద్దపొడి డబ్బా జారి కిందపడింది.

ఈ వంగడం గురించి అంతకుముందు పండితులు రాయకపోలేదు. ఒకాయన అది సముద్రానికి మొక్కడమన్నాడు. ఇంకొకాయన తమను మోస్తున్న నేలతల్లికి కృతజ్ఞత అన్నాడు. మరొకాయన పూర్వం వేటగాళ్ళు పొదల కింద నక్కి నడిచిన గుర్తన్నాడు. అత్త అందరికంటే ఓ ఆకు ఎక్కువ చదివింది. ఈ రెండు జనాలూ పూర్వం ఎప్పుడో ఒకే జనమని, విడిపోయి భాష మారినా, బట్ట మారినా, కాళ్ళు మాత్రం మరిచిపోలేదని తేల్చింది. వందల ఏళ్ళ నాటి బంధుత్వాన్ని అడుగుల్లో పట్టుకున్నానని వ్యాసం రాసింది. ప్రొఫెసరుగారికి మతిపోయింది. కుండలు చెప్పలేనిది కాళ్ళు చెప్పాయని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటూ తిరిగాడు. వ్యాసం ప్రెస్సుకు వెళ్ళింది. పై ఊళ్ళో సదస్సులో చదవడానికి పిలుపు కూడా వచ్చింది. తాతయ్య ఆ సదస్సు కోసం అత్తకు స్వయంగా కొత్త బూట్లు కుట్టాడు.

వ్యాసంలోకి ఇంకో మంచి ఫొటో కావాలని అత్త, మామయ్య మళ్ళీ ఉప్పుమడుల ఊరికి వెళ్ళారు. ఆట మొదలయ్యే ముందు అక్కడ అందరూ గుండ్రంగా నిలబడి రెండు చేతులూ భుజాల ఎత్తున పక్కలకి చాపి, వేళ్ళకి వేళ్ళు తగలకుండా సర్దుకుని, చేతులు దించుతారు. అది దిక్కులకు వందనమని అత్త వ్యాసంలో రాసింది. మామయ్య టేపు ఎక్కిస్తూ యథాలాపంగా అన్నాడు.

"ఇది మా బళ్ళో డ్రిల్లు పీరియడ్లో మేమూ చేసేవాళ్ళం. దూరం సర్దుకోవడానికి."

అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. టేపు సంగతి మీరు చూసుకోండి, శాస్త్రం సంగతి నేను చూసుకుంటానని కసిరింది. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మడుల గట్టుకి వెళ్ళింది. అక్కడ ఆట నడిపేది ఓ పెద్దావిడ. ఊరంతా ఆవిణ్ణి పెద్దక్క అంటారు. పొడుగాటి కర్రపలకతో ఉప్పు ఒడ్డుకి లాగుతోంది. ఈ ఆట ఎప్పటిదని అత్త ఆవిణ్ణి ఇదివరకు చాలాసార్లు అడిగింది. ఎప్పటిదో అని పెద్దక్క అనేది, ఇంకేమంటుంది. ఈసారి అత్త ప్రశ్న మార్చింది.

"పెద్దక్కా, మొట్టమొదటిసారి ఆడినప్పుడు నువ్వు ఎక్కడ నిలబడి ఆడావు?"

పెద్దక్క పని ఆపి, పలక గట్టుకి ఆనించింది.

"రేకుల షెడ్డులో."

"ఏ షెడ్డు?"

"ఆనకట్ట కట్టేటప్పుడు మా అమ్మానాన్నలు అక్కడ పనికి పోయారు. అక్కడ మాకో బడి ఉండేది. వాన పడితే డ్రిల్లు మాస్టారు షెడ్డులో ఆడించేవాడు. ఆయనెక్కడ నేర్చుకున్నాడో నాకు తెలీదమ్మా, పెద్దవాళ్ళ ఆటే అనుకున్నా."

ఆనకట్ట కట్టిన రోజుల్లో ఎక్కడెక్కడి కూలీలో వచ్చి ఏళ్ళతరబడి ఆ క్యాంపులో ఉన్నారు. పని అయిపోయాక ఎవరి దారిన వాళ్ళు పోయారు. కొందరు ఉప్పుమడులకి, కొందరు క్వారీకి, కొందరు ఇటుకబట్టీలకి, కొందరు ఓడరేవుకి. పిల్లలు ఆ ఆటను వెంట తీసుకుపోయారు. వాళ్ళే ఇప్పటి పెద్దక్కలు, తాతలు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న కుర్రకారుకి అది తాతల నాటి ఆట అయింది, అందులో అబద్ధం కూడా లేదు. అత్త కట్టుకున్న వందల ఏళ్ళ బంధుత్వం మాత్రం ఆవిడ గట్టుమీద నిలబడి ఉండగానే గాలి తీసిన బంతయింది.

ఊరికి రాగానే స్టేషను నుంచి తిన్నగా ప్రెస్సుకి పరిగెత్తింది. అక్షరాలన్నీ పేర్చేసి ఉన్నాయి. ఆపమంటే కంపోజిటరు ఒంటికాలి మీద లేచాడు. అతన్ని బతిమాలి ఆపించి, ప్రొఫెసరుగారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గొడుగు పిడి తిప్పుకుంటూ విన్నాడు. చివరికి అలసిపోయినట్టు, అయితే ఇది జానపదం కాదు, డ్రిల్లు అన్నాడు. వ్యాసం వాపసు తీసుకున్నామని సదస్సువాళ్ళకి ఆయనే తెలియజేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని అత్తకు అనిపించింది.

ఇంటికొచ్చి ముఖం గోడవైపు తిప్పుకుని పడుకుంది. కొత్త బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి. మామయ్య చేతనైనట్టు వండి పెట్టాడు, చేతకానట్టు ఓదార్చాడు. ఆ డ్రిల్లు మాట తను అనకుండా ఉండాల్సిందని నొచ్చుకున్నాడు. అనకపోతే అచ్చయ్యేది కదండీ, అప్పుడు మరీ అవమానమని అత్తే ఆయన్ని ఓదార్చాల్సొచ్చింది. ఇక కుండల మీదే పనిచేస్తానని చెప్పడానికి సిద్ధపడి, ఓ మధ్యాహ్నం ఫొటోలన్నీ పెట్టెలో సర్దేయడానికి నేలమీద పరిచింది.

ఇన్నాళ్ళూ ఆ ఫొటోల్లో ఆవిడ పోలికలే వెతికింది. ఇప్పుడు రుజువు చేయాల్సింది ఏమీ లేదు కనక ఊరికే చూసింది. చూస్తుంటే తేడాలు కనిపించాయి. వంగి నడిచే చోట ఉప్పుమడులవాళ్ళ మడమలు వెనక్కి ఈడ్చుకుపోయి, పొడిలో పొడుగాటి చారలు పడ్డాయి. మడిలో పలకతో ఉప్పు లాగేటప్పుడు మనిషి అలాగే వెనక్కి జరుగుతాడు. క్వారీవాళ్ళవి అలా లేవు. వాళ్ళ వేళ్ళు నేలలోకి గుచ్చుకుపోయాయి, ఏ క్షణమైనా పక్కకి దూకడానికి సిద్ధంగా ఉన్నట్టు. పైనుంచి రాయి దొర్లే చోట పనిచేసేవాడు అలాగే నిలబడతాడు. ఒకే మాస్టారు, ఒకే షెడ్డు, ఒకే ఆట. ఒక్క మనిషి జీవితకాలంలో అది రెండు పనులుగా మారిపోయింది.

అత్త జుట్టు ముడేసుకుని, ఉన్నపళాన శాఖకి వెళ్ళింది.

"సార్, ఎక్కడ మొదలైందో, ఎప్పుడు మొదలైందో ఖాయంగా తెలిసిన ఆట ఇంతవరకూ మనలో ఎవరికైనా దొరికిందా?"

ప్రొఫెసరుగారు ఫొటోలు బల్లమీద పరిపించి చూశాడు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు. తలా తోకా తెలియని ఆటల్లో ఏది పాతదో ఏది కొత్తదో ఊహించడమే కానీ చూసినవాడు లేడు. ఇక్కడ తల దొరికింది. ఆయన కుండల మనిషైనా ఆ సంగతి వెంటనే గ్రహించాడు. అయితే పొగడలేదు, పని చెప్పాడు. ఆ మాస్టారు బతికుంటే పట్టుకోవాలి, మొదటి ఆట ఎలా ఉండేదో చూడాలి. క్యాంపువాళ్ళు వెళ్ళిన ప్రతి చోటుకీ వెళ్ళాలి. క్యాంపువాళ్ళు వెళ్ళని ఊళ్ళకీ వెళ్ళి, అక్కడ ఈ ఆట లేదని కూడా తేల్చుకు రావాలి.

మాస్టారు రిటైర్డు టీచర్ల సంఘం ద్వారా దొరికాడు. ఓ మేడమీద చెల్లెలితో కలిసి ఉంటున్నాడు. వయసు పైబడినా గెడకర్రలా నిటారుగా ఉన్నాడు. ఆనకట్ట క్యాంపు బడి గురించి వచ్చామని అత్త చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఆ పిల్లవాడి పన్ను సంగతేనా?"

ఏ పన్ను అని అత్త. అప్పుడు కథంతా బయటికొచ్చింది. వానాకాలంలో పిల్లలు ఓ గదిలో కూర్చోలేక కొట్టుకునేవారట. వాళ్ళని అదుపు చేయలేక షెడ్డులోకి తోలి, డ్రిల్లు మొదలుపెట్టాడు. పిల్లలు డ్రిల్లు డ్రిల్లులా చేస్తేనా? ఒక ఊరి పిల్లలు మధ్యలో మడమ దరువు వేసేవారు, ఇంకో ఊరి పిల్లలు చప్పట్లు కలిపేవారు, వద్దంటే వినేవారు కాదు. సరే కానివ్వమని అన్నీ కలిపి గుండ్రంగా తిప్పాడు. చిక్కల్లా నీళ్ళ పైపుతో వచ్చింది. షెడ్డుకి అడ్డంగా, పెద్దవాళ్ళ నుదుటి ఎత్తున ఓ ఇనప పైపు ఉండేది. ఓ రోజు హుషారులో ఓ పిల్లవాడు పైకి గెంతి దానికి నోరు కొట్టుకుని ముందుపన్ను పోగొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న క్రేను నడిపేవాడు, మనిషి కూడా క్రేనులాగే ఉండేవాడు. మర్నాటి నుంచి పైపు దగ్గరికి రాగానే అందరూ తల దించి వంగి నడవాలని మాస్టారు నియమం పెట్టాడు. కొందరు వంగి కొందరు వంగకపోతే గుండ్రం తెగిపోతోందని, చివరికి అందరూ ఒకేసారి వంగాలన్నాడు.

"నేనేం కనిపెట్టలేదమ్మా. పిల్లల తలలకి దెబ్బ తగలకుండా చూశానంతే."

సముద్రానికి మొక్కడం, నేలతల్లికి కృతజ్ఞత, పొదల కింద వేటగాళ్ళు, అన్నీ ఓ నీళ్ళ పైపు దగ్గర ఆగాయి. అత్త నవ్వాపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతోందో తెలియక మాస్టారు కంగారుపడితే, పన్ను గురించి కాదని మామయ్య సర్దిచెప్పాడు. ఆ హాల్లోనే కుర్చీలు జరిపి టార్పాలిన్ పరిచారు. మాస్టారు, ఆయన చెల్లెలు భుజాల మీద చేతులు వేసుకుని పాత ఆట ఆడి చూపించారు. ఆవిడ కూడా ఆ బళ్ళోనే చదివిందట. ఆట అయ్యేసరికి సోఫా నుంచి సీలింగు ఫ్యాను దాకా సుద్దపొడి. చెల్లెలమ్మ మూతి ముడుచుకుని చీపురు తెచ్చింది కానీ, ఊడ్చే ముందు ఫొటోలు తీసుకోనిచ్చింది. ఆ అడుగులు చిన్నవి, సమానంగా ఉన్నాయి. ఈడ్చిన చారలు లేవు, గుచ్చుకున్న వేళ్ళు లేవు.

ఆనకట్ట దగ్గరికి కూడా వెళ్ళారు. షెడ్డు ఇంకా ఉంది, పాత పంపులు పడేసే గోడౌనుగా వాడుతున్నారు. లోపల చీకటి. పైపు ఉందో లేదో చూస్తానని ముందు నడిచిన మామయ్య దాన్ని నుదుటితో కనిపెట్టాడు. బొప్పి కట్టిన ఆ నుదుటి ఫొటో కూడా అత్త తీసింది. పుస్తకంలో వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

ఉప్పుమడుల ఊరికి మాస్టారిని తీసుకెళ్ళాలని అత్తకు కోరిక, భయం కూడా. ఊళ్ళో ఓ నడివయసు మనిషికి సంగతి తెలిసి అప్పటికే కోపంగా ఉన్నాడు. పట్నంవాళ్ళు వచ్చి మా ఆట బడిపిల్లల డ్రిల్లని రాసిపోతారా అని నలుగురిలో అన్నాడు. పెద్దక్కే కల్పించుకుంది.

"బడి మనది కాదట్రా? ఆనకట్ట కట్టింది మనవాళ్ళే. ఆ రేకులు కప్పింది మా నాన్నే. అక్కడ పుట్టింది మనది కాకపోతే ఇంకెవరిది?"

పెద్దక్క మాటను అత్త పుస్తకంలో మొదటి పేజీలో వేసింది, ఎవరన్నారో కూడా చెప్పి.

మాస్టారు బస్సు దిగగానే పెద్దక్క చేతిలో పలక పక్కన పడేసి, చేతులు రెండూ ఒంటికి ఆనించి అటెన్షన్‌లో నిలబడిపోయింది. ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఊరికే తల ఊపి, ఈవిడ ఎవరై ఉంటుందా అని వెతుక్కున్నాడు. సాయంత్రం ఆట మొదలైంది. మాస్టారు కుర్చీ అంచున కూర్చుని చూశాడు. గుండ్రం తిరుగుతోంది, మడమ దరువు పడింది, చప్పట్లు పడ్డాయి, అందరూ వంగారు. వంగి చేతులు ముందుకి చాపి వెనక్కి లాక్కుంటూ నడిచారు. ఆయన ఉండబట్టలేక లేచాడు. తప్పు చేస్తున్నారని గొణిగాడు. ఆట ఆగింది.

"వంగినప్పుడు ఆ చేతులేం చేస్తున్నాయి?"

"ఉప్పు లాగుతున్నాయి సార్" అంది పెద్దక్క.

"నేను నేర్పలేదే."

"మీకు ఉప్పు పని రాదుగా సార్."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఆ చేతుల పని తనకి నేర్పమని అడిగి గుండ్రంలోకి వెళ్ళి నిలబడ్డాడు. వంగినప్పుడు అందరితో పాటు ఉప్పు లాగాడు. కాస్త ఆలస్యంగా లాగాడు.

ఆ తర్వాత అత్త చాలా ఏళ్ళు తిరిగింది. ఇటుకబట్టీల దగ్గర వంగేటప్పుడు ఓ చెయ్యి నెత్తిమీదికి వెళుతుంది, మోసే బరువు పడిపోకుండా పట్టుకున్నట్టు. ఓ క్వారీలో ఆట మధ్యలో అందరూ ఒక్క క్షణం ఆగి పైకి చూస్తారు. ఓడరేవులో వంగడమే మాయమై దాని చోట ఓ గెంతు వచ్చింది. క్యాంపువాళ్ళు అడుగుపెట్టని ఊళ్ళలో ఈ ఆట పొడ కూడా లేదు. ఇవన్నీ కలిపి పుస్తకం రాసింది. నాట్యం పూర్వం ఎప్పుడో పుట్టి మారకుండా మిగిలిన వస్తువని పండితులు అనుకునేవారు. పనిచేసే ఒళ్ళు దాన్ని రోజూ తిరగరాస్తూనే ఉంటుందని, ఆ రాత ఒక్క తరంలోనే కంటికి కనిపిస్తుందని అత్త చూపించింది. వేల ఏళ్ళ నాటివని ముద్రపడిన ఆటల్ని మళ్ళీ వెళ్ళి చూసుకోవాల్సొచ్చింది చాలామందికి. కొన్ని నిజంగానే పాతవని తేలాయి, కొన్ని పాపం తేలలేదు. ఇప్పుడు ఆ శాఖలో చేరిన పిల్లలు ఏ ఊరు వెళ్ళినా ముందు అడిగే ప్రశ్న ఒకటే, మొదటిసారి ఆడినప్పుడు ఎక్కడ నిలబడ్డారు అని.

ప్రొఫెసరుగారు ఆ పుస్తకానికి ముందుమాట రాశాడు. ఈ పిల్లను కుండల దగ్గరికి రమ్మన్నాను, రానందుకు సంతోషం అని అందులో ఓ వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని తాతయ్య షాపుకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాడు. జోడు కుట్టడం అయ్యేదాకా వాళ్ళు వినక తప్పేది కాదు.

అత్త రిటైరయ్యాక, పోయిన ఏడాది, వేరే దేశం నుంచి ఓ పరిశోధకురాలు ఇంటికి వచ్చింది. ఓడరేవులోనే రెండేళ్ళు ఉండి పనిచేసిన అమ్మాయి. మన మాట కూడా నేర్చుకుంది. కుర్చీలో కుదురుగా కూర్చోదు, చెప్పాల్సింది చెప్పదు, అత్త పుస్తకాన్ని తెగ పొగుడుతుంది. అత్త కాసేపు చూసి, తప్పెక్కడుందో నేరుగా చెప్పమ్మా, టీ చల్లారిపోతోంది అంది. అప్పుడు చెప్పింది. ఓడరేవులో ఆ గెంతు వంగుడాట నుంచి మారింది కాదట. తాళ్ళు పేనేవాళ్ళ ఆట ఒకటి అంతకుముందే అక్కడుందట. రేవుకొచ్చిన క్యాంపు పిల్లలు తమ ఆట వదిలేసి దాంట్లో కలిసిపోయారట. వంగడం గెంతుగా మారలేదు, పోయింది, అంతే.

అత్త ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర వాదించింది, భోజనాలయ్యాక వాదించింది. మడమలు ఎటు పడుతున్నాయని అడిగింది, తాడు ఎవరు పట్టుకుంటారని అడిగింది. ఆ అమ్మాయి కూడా వెనక్కి తగ్గలేదు, మొదట్లో ఉన్న మొహమాటమంతా ఎగిరిపోయింది. ఆఖరికి ఇద్దరూ కలిసి వెళ్ళి చూద్దామని తీర్మానించుకున్నారు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, అయినా వినలేదు. బస్సులో దారి పొడవునా ఇద్దరూ గొంతు తగ్గించకుండా కొట్లాడుకుంటుంటే, ముందు సీటులో మామయ్య హాయిగా నిద్రపోయాడు.

వెళ్ళి చూస్తే ఆ అమ్మాయి మాటే నిజం. అత్త గట్టుమీద కూర్చుని ఆ ఆటను మళ్ళీ మళ్ళీ ఆడించుకుని చూసింది. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం ఈమధ్య చూడలేదని మామయ్య అన్నాడు. కొత్త ముద్రణలో ఓడరేవు అధ్యాయం మొత్తం తీసేయించి, ఆ అమ్మాయి చేతే రాయించింది. పుస్తకం మొత్తంలో బాగున్నది ఆ ఒక్క అధ్యాయమేనని ఇప్పుడు అందరికీ చెబుతోంది. మిగతావి ఎవరైనా పొగడబోతే, ముందు అది చదివి రమ్మంటోంది.